తన శవపేటికకు తెరచాప కట్టిన మనిషి

మీ వీధిలో ఒక మనిషి నడిచి వెళుతుంటే, అతను బతికున్నవాడో చచ్చినవాడో మీరు దేన్ని బట్టి చెబుతారు? నీడను బట్టా? పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయో లేదో చూసా? లేక పక్కింటివాళ్ళు ఏమనుకుంటున్నారో విని చెబుతారా? తొందరపడి జవాబు చెప్పకండి. మామిడికుదురులో మూడేళ్ళపాటు ఈ ప్రశ్నకు జనం ఒక జవాబు చెప్పారు. నేను ఇంకొకటి చెప్పాను. ఆ ప్రశ్నకు కారణమైన జ్ఞానానందం మాస్టారు పోయిన మంగళవారం మధ్యాహ్నం మరణించారు. ఈసారి నిజంగానే మరణించారు.

ఈ దుర్వార్త నాకు ఒకరు మోసుకొచ్చి చెప్పలేదు. ఆఖరి ఊపిరి పోయేటప్పుడు ఆయన మణికట్టు నా చేతిలోనే ఉంది. పట్టుకోవలసిన సమయానికి మాత్రం నేను దాన్ని పట్టుకోలేదు. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం. కాని ముందు ఆయన ఎవరో తెలియాలి. ఆయన్ని చూసినవాళ్ళలో చాలామంది చూసింది ఆయన్ని కాదు.

మేమిద్దరం ఒకే హైస్కూల్లో పదిహేడేళ్ళు పనిచేశాం. ఆయన సోషల్ మాస్టారు, నేను సైన్సు. తాతల నాడు క్రైస్తవం పుచ్చుకుని చదువుల్లోకి వచ్చిన కుటుంబం ఆయనది. నేను ఏ మతమూ లేనివాణ్ణి. స్టాఫ్ రూంలో దేవుడి విషయంలో మాకు రోజూ యుద్ధమే. ఏ యుద్ధంలోనూ ఆయన గొంతు పెంచేవారు కాదు. "మీరు గెలిచేరండి మాస్టారూ, కాఫీ చల్లారిపోతంది, తాగండి" అనేవారు. ఆ మాటలో ఓటమి ఉండేది కాదు. గెలిచినవాణ్ణి కూర్చోబెట్టి జాలిగా చూసే మంచితనం ఉండేది.

అప్పట్లో ఆయన మా ప్రాంతంలోకెల్లా భారీ మనిషి. వడ్రంగి అప్పారావు ఆయన కోసం బళ్ళో ప్రత్యేకంగా ఒక కుర్చీ చేశాడు. ఇంకెవరైనా అందులో కూర్చుంటే పక్కన మరొకరికి చోటుండేది. రేవులో ఆయన పడవ ఎక్కితే సరంగు మరో నలుగురిని దింపేవాడు. డాక్టరు దగ్గరి తూకం యంత్రం ఆయన్ని మోయలేక ముల్లు కొసకి వెళ్ళి ఆగిపోతే, కురిడీల కొట్లో కొబ్బరి తూచే కాటా మీద నిలబెట్టారు. నూట అరవై కిలోలకు పైన తేలారు. చుట్టూ చేరినవాళ్ళు నవ్వుతుంటే ఆయనా నవ్వారు. "కాయకైతే పీచు వలిచి తూస్తారు. నన్ను పీచుతోనే తూచేసేరండి" అన్నారు. ఆ నవ్వు వెనక ఏముందో నాకు తెలుసు. పడుకుంటే ఊపిరి ఆగిపోతుందని ఆయన ఏళ్ళ తరబడి కుర్చీలో కూర్చునే నిద్రపోయేవారు. గుండె ఇంకెన్నాళ్ళో మోయలేదని డాక్టరు చెప్పేశాడు.

మద్రాసులో ఒక పెద్దాసుపత్రిలో, విదేశాల్లో చదివొచ్చిన సర్జను ఒకాయన ఇటువంటివారికి పేగు కుదించే ఆపరేషను చేస్తున్నాడని తెలిసింది. ఆ ఆపరేషను ఏమిటో నేను సైన్సు గదిలో నల్లబల్ల మీద గీసి చూపించాను. చిన్నపేగు పొడవు ఇరవై అడుగులుంటే, ఒకటిన్నర అడుగు మాత్రం వాడుకలో ఉంచి మిగతాదాన్ని పక్కకు తప్పిస్తారు. తిన్నది ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది. ఆయన బొమ్మలో పేగు మీద వేలు పెట్టారు. "అంటే పెద్దకాలవ లాకులు మూసేసి అడ్డకాలవ తవ్వుతారన్నమాట. మరి పెద్దకాలవ కింద ఉన్న చేల సంగతి?" అని అడిగారు. నేను నవ్వాను. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదని ఇప్పుడు గుర్తొస్తోంది.

ఆపరేషను అయిన వారానికి కుట్లు చీము పట్టాయి. ఆయన భార్య సుగుణమ్మ గారు, ఎలిమెంటరీ స్కూలు టీచరు, మద్రాసు నుంచి అన్నగారికి టెలిగ్రాం ఇచ్చారు: పరిస్థితి విషమం, ప్రార్థన చేయండి. ఆ అన్నగారు యేసుదాసు, చర్చి సంఘపెద్ద. మంచివాడు, ముందుచూపు గలవాడు. ఆ ముందుచూపే కొంప ముంచింది. మామూలు మనిషికైతే అప్పారావు పూట తిరిగేలోగా పెట్టె బిగించి ఇస్తాడు. బావగారి పెట్టెకు పలకలే దొరకవు, మూడు రోజుల పని. శవం వచ్చాక మొదలుపెడితే ఎలా? యేసుదాసు ముందే చెయ్యమని పురమాయించాడు. కొలతలకు మనిషి ఎదురుగా లేడు కదా. అప్పారావు బళ్ళోకి వచ్చి ఆ ప్రత్యేకమైన కుర్చీ కొలుచుకుని పోయాడు. అతను కుర్చీ మీద బద్ద పెట్టి కొలుస్తుంటే నేను కిటికీలోంచి చూశాను. ఎవరూ లేని కుర్చీని ఒక మనిషి అంత శ్రద్ధగా కొలవడం చూడలేక, ఏ నమ్మకమూ లేని నేను కూడా కిటికీ మూసేశాను.

శవం రాలేదు. మాస్టారు బతికారు. మామిడిచెక్క పెట్టె మాత్రం అప్పారావు పాకలో గోడవార ఉండిపోయింది. మా వైపు మనిషి పోకముందే పెట్టె చేయించరు. చేయించిన పెట్టె ఖాళీగా ఊరుకోదనీ, ఎవరినో ఒకరిని అడుగుతుందనీ నమ్మకం. విప్పేస్తే విప్పినవాణ్ణే అడుగుతుందట. "ఎండాకాలం మిట్టమధ్యాన్నం లోపల్నించి కిర్రుమంటందండి బాబూ" అని అప్పారావు నాతో వాపోయాడు. "పచ్చిచెక్క ఆరితే కిర్రుమనదా? నువ్వు వడ్రంగివి, నీకు నేను చెప్పాలా?" అని కసిరాను. "ఆయ్, అంటదండి. కాని మిగతా చెక్కలు నాకేసి చూసి అనవండి" అన్నాడు.

ఏడాది దగ్గర దగ్గర మద్రాసులోనే, డాక్టరు కనుసన్నల్లో ఉన్నారు మాస్టారు. ఒక సోమవారం నేను తొమ్మిదో తరగతికి పాఠం చెబుతుండగా గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. సన్నటి మనిషి. బుగ్గలు సంచుల్లా వేలాడుతున్నాయి. చొక్కా గాలికి కొట్టుకుంటోంది. "ఎవరు కావాలండీ?" అన్నాను. ఆ మనిషి నోరు తెరిచాడు. జ్ఞానానందం మాస్టారి నిండైన గొంతు, ఎక్కడో కిందనుంచి, పెద్ద ఖాళీ ఇంట్లోంచి వచ్చినట్టు వచ్చింది. "నేనేనండి మాస్టారూ. మిగిలింది ఇంతే." పిల్లలు ఒక్కళ్ళూ నవ్వలేదు.

కొవ్వు కరిగిందిగాని చర్మం పాత మనిషిదే. మెడ దగ్గరా, చేతుల కిందా అది మడతలు పడి వేలాడేది. ఊరు ఆ మడతలు చూసి నిర్ణయం చేసేసింది. మాస్టారు మద్రాసులోనే పోయారు. ఆ తోలు కప్పుకుని వేరే ఏదో వచ్చింది. పెట్టె ఖాళీగా ఎందుకుందంటే అందులో ఉండవలసినవాడు బయట తిరుగుతున్నాడు గనుక! తర్కం చూశారా? అబద్ధం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. అన్ని మూలలూ కుదిరిన పెట్టెలా ఉంటుంది.

వచ్చిన వారానికే సుగుణమ్మ గారు ఒక కాగితం నా చేతిలో పెట్టారు. మద్రాసు సర్జను ఇంగ్లీషులో రాసిచ్చిన జాగ్రత్తలు. నేనే తెలుగు చేసి పెద్దక్షరాలతో రాసిచ్చాను. ఆ నాలుగు వాక్యాలూ ఇవి: రేచీకటి వచ్చినా, చేతివేళ్ళు కొంకర్లు పోయినా, మాట తడబడినా అది లవణాలూ విటమిన్లూ తగ్గిన గుర్తు. తాత్సారం చేయకూడదు. వెంటనే సెలైను ఎక్కించే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఆలస్యమైతే ప్రాణం పోతుంది. ఆవిడ ఆ కాగితాన్ని గోడకు, గడియారం కింద అంటించారు. ఆ గోడ ఎదురుగా కూర్చుని నేను కొన్ని వందల కప్పుల కాఫీ తాగాను.

ఇప్పుడు ఆయన కొత్త జీవితం గురించి చెప్పాలి. "తిండి నాకు ముప్పయ్యేళ్ళ ఉద్యోగమండి. ఉన్నట్టుండి రిటైరు చేసేసేరు. ఆకలి పోయేక గానీ తెలీలేదు, రోజు ఇంత పొడుగుంటదని" అనేవారు. మధ్యాహ్నం అందరూ కేరేజీలు విప్పుకునే వేళకు ఆయనకు ఉండడానికి చోటుండేది కాదు. కూర వాసనకే కడుపు తిప్పేది. రెండు ముద్దలు తిని లేచి నడక మొదలెట్టేవారు. ఆదివారం తెల్లవారగానే బస్సెక్కి పి.గన్నవరం వెళ్ళి, ఏటిపైన కాలవను దాటించే అక్విడెక్టు వంతెన మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవారు. పదిహేనేళ్ళుగా బస్సు కిటికీలోంచి చూసిందే తప్ప దాని మీద కాలు పెట్టలేదట. ఒక మంచు పొద్దున నన్నూ తీసుకువెళ్ళారు. మధ్యలో ఆగి, "కింద ఏరు పారతంది, పైన కాలవ పారతంది. మధ్యలో ఆగి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణేనండి" అన్నారు. మంచులో ఆయన ముఖం కనిపించలేదు. గొంతు మాత్రమే ఉంది.

ఆ తరవాత బండారులంకలో నేత మొదలుపెట్టారు. నేతగాడు వీరభద్రం ఇంట్లో గుంటమగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని నేయాలి. మొదటి రోజు మాస్టారు ఆ గుంటలోకి దిగి నడుం దాకా నేలలో కూరుకుపోయినట్టు కూర్చుంటే, వీరభద్రం నవ్వాడు. "ఇదివరకైతే మా గుంటలో తవఁరి కాలొకటే పట్టేదండి." "ఆయ్, ఆ కాలికి కూడా పర్మిషను కావాలి" అన్నారీయన. శనివారం శనివారం అలా రెండేళ్ళు. మొదట తువ్వాలు అంచు పాములా మెలికలు తిరిగేది. తరవాత తిన్నబడింది. దారం మోసే నాడె అటూ ఇటూ పరుగెడుతుంటే ఆయన ముఖంలో కనిపించిన ఆనందం, ఆరు గిన్నెల కేరేజీ ముందు కూర్చున్న రోజుల్లో నేనెన్నడూ చూడలేదు. "తిన్నది కనపడదండి. నేసింది కనపడతది" అన్నారు.

ఇక పెట్టె. ఆయనకు దాని సంగతి ఎవరూ చెప్పలేదు. బళ్ళో పాత కుర్చీని కోయించి చిన్నది చేయించుకుందామని అప్పారావు పాకకు వెళ్ళారు, తోడు నేనూ ఉన్నాను. గోడవార పెట్టె కనిపించింది. "ఇదేంటి అప్పారావూ, ఇంత పెద్దది? ఎవరిది?" అప్పారావు ఉలి కింద పెట్టి, తల వంచుకుని, "తవఁరిదేనండి" అన్నాడు. మాస్టారు చెప్పులు విడిచి, పెట్టె మూత పక్కకు నెట్టి, అందులోకి దిగి వెల్లకిలా పడుకున్నారు. నేను ఆపలేకపోయాను. లోపలినుంచి గొంతు వచ్చింది: "పని బాగా కుదిరింది. కాని మాస్టారూ, ఇందులో ఇంకొకరికి చోటుందండి. ఎవరో పక్కన పడుకున్నట్టే ఉంది." అప్పారావు బయటికి పరుగెత్తాడు. మాస్టారు లేచి కూర్చుని చెక్క మీద చేత్తో తట్టి, "సందుల్లో నార కూరి తారు పూస్తే తేలతదా?" అని కేకేశారు.

తేలింది. దిష్టి తీసి పారేసింది తొక్కితే జబ్బు చేస్తుందని హడలిపోయే చాదస్తపు ఊళ్ళో అంతకన్నా గొప్ప ఉపన్యాసం నేను వినలేదు. ఒక మనిషి తన శవపేటికకు తారు పూసి, తెడ్డు పట్టుకుని, ఇంటి వెనక కాలవలో షికారు చేశాడు. పడవెక్కితే నలుగురిని దింపించిన మనిషి తన పడవలో తానే సరంగు అయ్యాడు. పక్షుల కూతలు విని పేర్లు చెప్పడం నేర్చుకున్నాడు. యేసుదాసు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "అది దేవుడి సొత్తు బావా, ఆటవస్తువు కాదు." "దేవుడికి పడవలంటే ఇష్టమేగా బావా" అన్నారీయన.

ఒక సాయంకాలం, పొద్దు వాలుతుండగా, నేను కాలవగట్టు మీద సైకిలు మీద వస్తున్నాను. లాకుల వైపు నుంచి పెట్టె వస్తోంది. అందులో జ్ఞానానందం మాస్టారు కూర్చుని ఉన్నారు. ఇప్పటి మాస్టారు కాదు. పాతాయన. నూట అరవై కిలోల మనిషి, వెడల్పాటి భుజాలతో, ఉబ్బిన పొట్టతో, తల మాత్రం లేకుండా, నీటి మీద చప్పుడు లేకుండా నా వైపే వస్తున్నాడు. నేను సైకిలు దిగలేదు, పడ్డాను. ముప్పయ్యేళ్ళ నా హేతువాదం నా వెన్నులోంచి నీరులా కారిపోయింది. పెట్టె దగ్గరికొచ్చాక తెలిసింది. ఆయన పాత చొక్కాను వెదురుకర్రకు తొడిగి తెరచాప చేశారు. గాలి దాన్ని నింపింది. దాని వెనక సన్నగా నక్కి కూర్చుని తెడ్డు పట్టుకున్న మనిషి నవ్వుతున్నారు. "భయపడ్డారేంటి మాస్టారూ? ఆ పాతాయనకి పనేం లేక ఖాళీగా ఉంటే, తెరచాపగా నిలబడమన్నానండి."

ఆ భయం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అదే నా మొదటి తప్పు. భయపడ్డ హేతువాది మరింత గట్టిగా అరుస్తాడు. నేనూ అరిచాను.

పోయిన వేసవి నుంచి కొన్ని సంగతులు జరిగాయి. జనం చెప్పిన క్రమంలోనే చెబుతాను. దీపం పెట్టాక మాస్టారు గోడలు తడుముకుంటూ నడుస్తున్నారన్నారు. నేను వెళ్ళాను. పెట్రోమాక్సు లైటు భగ్గున వెలుగుతోంది. ఆయన నా ముందు కూర్చుని, "ఏంటి సుగుణా, ఇంకా దీపం పెట్టలేదా?" అన్నారు. దయ్యానికి దీపం కనపడదని వీధిలో అప్పటికే అనేసుకున్నారు. నేను ఆయన హాస్యమాడుతున్నారనుకుని నవ్వాను. సుగుణమ్మ గారు నా వెనక గోడ కేసి చూశారు. నేను తిరిగి చూడలేదు.

తరవాత వీరభద్రం సైకిలు మీద బండారులంక నుంచి వచ్చి, మాస్టారు సగం నేసిన తువ్వాలు నా ముందు పరిచాడు. "ఈ జానెడు దాకా మాస్టారి చెయ్యండి. ఇక్కణ్ణించి కాదు. వేరే చెయ్యి. నాకు ముప్పయ్యేళ్ళ నేత, పేక దారం చూసి మనిషిని చెప్తాను. గుంటలో కూకున్నది ఎవరోనండి." నేను అతన్ని అరుగు మీద నిలబెట్టి, పరకాయ ప్రవేశం ఎందుకు అసాధ్యమో అరగంట చెప్పాను. అతను చేతులు కట్టుకుని విన్నాడు. "ఆయ్, తవఁరు చదువుకున్నోరు" అని తువ్వాలు మడిచి నా దగ్గరే వదిలి వెళ్ళాడు. నేను దాన్ని విప్పి చూడలేదు.

ఆ ఉక్రోషంతో ఈ పత్రికలోనే ఒక వ్యాసం రాశాను, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. కోనసీమ అజ్ఞానాన్ని చీల్చి చెండాడాను. అచ్చుకు పంపేముందు మాస్టారి వరండాలో కూర్చుని ఆయనకే చదివి వినిపించాను. రెండో పేజీలో ఆయన చేతిలోని గ్లాసు కింద పడింది. తలెత్తి చూశాను. ఆయన వేళ్ళు ముడుచుకుని, బొటనవేలు లోపలికి తిరిగి, చెయ్యి మొత్తం కొంగ ముక్కులా అయిపోయి ఉంది. ఆయన దాన్ని వేరెవరిదో చెయ్యి అన్నట్టు చూసుకుంటున్నారు. "చదవండి మాస్టారూ, బావుంది" అన్నారు. మాట ముద్దగా వచ్చింది. నేను మూడో పేజీ చదివాను. పాఠకులారా, నేను మూడో పేజీ చదివాను.

పోయిన మంగళవారం పది గంటల వేళ సుగుణమ్మ గారు బడికి చీటీ పంపారు. మూడే వాక్యాలు. ఆయన పరిస్థితి బాగోలేదు. అన్నయ్యావాళ్ళు దయ్యం వదిలిస్తామని ప్రార్థన మొదలెట్టారు. మీరు కారు తీసుకుని రండి. నా కంటికి మధ్య వాక్యమే కనిపించింది. సైకిలెక్కి ఆరాటంగా తొక్కాను. దారి పొడవునా వాదనలు కూర్చుకున్నాను.

లోగిట్లో పదిమంది మోకాళ్ళ మీద ఉన్నారు. యేసుదాసు గొంతు బొంగురుపోయింది, కళ్ళల్లో నీళ్ళు. అతను నాటకమాడలేదు. బావ కోసం నిజంగానే ఏడుస్తున్నాడు. "మాస్టారూ, మా బావ మద్రాసులోనే పోయేడండి. మూడేళ్ళుగా నా చెల్లెలు ఎవరికి అన్నం పెడతందో ఆ దేవుడికే తెలుసు. ఇయ్యాల అది బయటపడింది. మాట చూడండి, చెయ్యి చూడండి!" "దయ్యం ఉందని రుజువేది?" అన్నాను నేను. మొదలైంది. ఆత్మ నుంచి అద్భుతాల దాకా, అక్కణ్ణించి సృష్టి దాకా వెళ్ళాం. నేను గర్జించాను. మధ్యలో సుగుణమ్మ గారు గుమ్మంలోకి వచ్చి, "అన్నయ్యా, ఆయనో కాదో నాకు తెలీదా? రెండు వేళ్ళతో నా చిటికెనవేలు పట్టుకుంటారు. ఇప్పుడూ పట్టుకున్నారు" అన్నారు. తరవాత నా వైపు తిరిగారు. "కారు తెచ్చేరా మాస్టారూ?"

"ఒక్క నిమిషమమ్మా" అన్నాను.

గంటన్నర వాదించాను. గెలిచాను. యేసుదాసు తల దించుకున్నాడు. అప్పుడు లోపలికి వెళ్ళాను. మాస్టారు మంచం మీద, రెండు చేతులూ గద్ద గోళ్ళలా ముడుచుకుని, కళ్ళు తెరిచి, పట్టపగలు చీకట్లోకి చూస్తున్నట్టు చూస్తున్నారు. గోడ మీద, గడియారం కింద, నా దస్తూరీ. నాలుగు వాక్యాలు. పెద్దక్షరాలు.

కారు దొరికేసరికి మధ్యాహ్నమైంది. అమలాపురం ఆసుపత్రికి పి.గన్నవరం మీదుగా బయలుదేరాం. యేసుదాసే ముందు సీట్లో కూర్చుని డ్రైవరును తొందరపెట్టాడు. అక్విడెక్టు మధ్యకు వచ్చేసరికి నా చేతిలో ఉన్న నాడి, నాడె ఆగినట్టు, ఆగింది. అప్పటిదాకా ముడుచుకుని ఉన్న వేళ్ళు వాటంతటవే నెమ్మదిగా విచ్చుకున్నాయి, ఎవరికో ఏదో ఇస్తున్నట్టు. కింద ఏరు పారుతోంది, పైన కాలవ పారుతోంది.

ఆ రాకాసి పెట్టెలోనే పూడ్చుదామని ఎవరో అన్నారు. ఇకనైనా దాని నోరు మూతపడుతుందట. సుగుణమ్మ గారు ఒప్పుకోలేదు. "అది పెట్టె కాదు. ఆయన పడవ" అన్నారు. అప్పారావు పూటలో మామూలు పెట్టె చేశాడు. కొలతలు తీసుకోవడానికి ఈసారి మనిషి ఎదురుగానే ఉన్నాడు.

నిన్న వీరభద్రం తువ్వాలు విప్పి చూశాను. జానెడు దాకా తిన్నటి పేక. అక్కణ్ణించి దారాలు బిగిసి, వదులై, వణికి, ఒరిగాయి. కొంకర్లు పోయే చేతి చరిత్ర అంతా అందులో ఉంది, పుస్తకంలా. చదువురాని నేతగాడు దాన్ని నా ముందు పరిచాడు. చేయి మారిందన్నాడు. మారింది. దీపం కనపడదన్నారు. కనపడలేదు. గొంతు మారిందన్నారు. మారింది. ఊరు చూసినదంతా సత్యం. చెప్పుకున్న కారణం అబద్ధం. నేను ఆ అబద్ధాన్ని కొట్టాలన్న ఆవేశంలో సత్యాన్ని కూడా తోసేశాను. పరిశీలనే సైన్సుకు మొదటి మెట్టని ఏటా పిల్లలకు చెప్పే పంతులును. దయ్యం లేదు. నేను ఇప్పటికీ అంటాను, నా చివరి ఊపిరిదాకా అంటాను. కాని దయ్యం లేదని తేల్చినంత మాత్రాన మంచం మీద మనిషి లేకుండా పోడు.

జ్ఞానానందం మాస్టారు నాకు తెలిసిన సాహసి. కుదించిన పేగుతో, వేలాడే చర్మంతో, జనం వెలివేసే చూపుల మధ్య, యాభయ్యేళ్ళ వయసులో కొత్తగా పుట్టి, నడవడం, నేయడం, పడవ నడపడం ఒక్కొక్కటిగా నేర్చుకున్నారు. నేను గెలిచినప్పుడల్లా కాఫీ చల్లారుతోందని గుర్తుచేసేవారు ఇక లేరు.

పడవ ఇంకా రేవులో కట్టే ఉంది. నిన్న సాయంత్రం నేను వెళ్ళేసరికి సుగుణమ్మ గారు ఆ పాత చొక్కాను ఉతికి వెదురుకర్రకే ఆరేశారు. గాలి వచ్చినప్పుడు అది నిండుతోంది. భుజాలు, పొట్ట, చేతులు. గాలి పోతే ఒరిగిపోతోంది. "ఒకోసారి ఆయన వస్తారు, ఇంకోసారి వెళతారు. కూర్చోండి మాస్టారూ" అన్నారావిడ. కూర్చున్నాను. గట్టు మీద వెళ్ళేవాళ్ళు మమ్మల్ని చూసి నడక వేగం పెంచారు.

మీ వీధిలోనూ ఈపాటికి ఎవరికో గొంతు మారి ఉంటుంది. ఎవరి కళ్ళో దీపాన్ని గుర్తించడం మానేసి ఉంటాయి. దయ్యమని ఒకరు అంటుంటారు, మూఢనమ్మకమని నాలాటివాడు ఒకడు నవ్వుతుంటాడు. ఈ పత్రిక అవతల పెట్టండి. ఎవరితోనూ వాదించకండి, నాతో కూడా. లేచి ఆ ఇంటికి వెళ్ళండి. లోపలి గదిలోకి వెళ్ళి ఆ మనిషి చెయ్యి పట్టుకు చూడండి. వెళ్ళేటప్పుడు కారు తీసుకుని వెళ్ళండి.